పానగల్ ఖిలా తాళాలు



పోయిన రంజాన్ పండుగకు మా ఆపా కుటుంబం నాగర్‌కర్నూల్ వచ్చింది. షీర్‌ఖుర్మా తాగి అందరం దాలాన్‌లో కూర్చున్నాం. తొమ్మిదో తరగతి చదివే మా భాంజా ఫోన్ పక్కన పెట్టి నన్ను ఒక సవాల్ అడిగాడు.

"మామూ, తళ్ళికోట యుద్ధంలో మనం గెలిచినమా, ఓడినమా?"

నాకు వెంటనే జవాబ్ తోచలేదు. వాని దోస్తుల గ్రూపులో ఎవరో వీడియో పంపారట. అందులో ఒకవైపు హిందువులు, ఒకవైపు ముసల్మాన్లు. చూసినోళ్ళు కొందరు వీణ్ణి "మీరే కదా విజయనగరం కూల్చింది" అన్నారట. నవ్వుకుంటూనే అన్నారంట గానీ వాని ముఖంలో నవ్వు లేదు. అబ్బా ఏదో సర్దిచెప్పబోయారు. ఆపా "పండుగ పూట ఈ మాటలెందుకు" అంది. వాడు మాత్రం నా వైపే చూస్తున్నాడు.

నేను గెలుపోటముల గురించి చెప్పలేదు. "మనం అంటే ఎవరు?" అని తిరిగి అడిగాను. వానికి కోపం వచ్చింది. రెండు రోజుల తర్వాత వాణ్ణి బండి మీద ఎక్కించుకొని వనపర్తి జిల్లా పానగల్‌కు తీసుకపోయాను. ఆ కొండ ఎక్కుతూ చెప్పిన కిస్సానే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇండ్లల్లో పిల్లలు కూడా ఏదో ఒకరోజు ఇదే సవాల్ అడుగుతారు కాబట్టి.

ముందు మన ఇలాకా సంగతి. కృష్ణకు దక్షిణాన గద్వాల, ఉత్తరాన వనపర్తి, నాగర్‌కర్నూల్. కృష్ణా తుంగభద్రల నడుమ నేలను మనం నడిగడ్డ అంటాం. తవారీఖ్ రాసినవాళ్ళు రాయచూర్ దోఆబ్ అన్నది ఈ పట్టీనే. దాని తూర్పు కొస ఆలంపూర్ దగ్గర ముగుస్తుంది. రెండు వందల ఏళ్ళకు పైగా ఈ నేల రెండు పెద్ద హుకూమత్‌ల సర్‌హద్. ఉత్తరాన మొదట బహమనీలు, వాళ్ళ తర్వాత బిజాపూర్, గోల్కొండ సుల్తాన్లు. దక్షిణాన విజయనగర రాయలు. ఈ సర్‌హద్‌కు తాళాల్లాంటివి మూడు ఖిలాలు: పానగల్, ఘనపురం, కోయిల్‌కొండ. ఘనపురాన్ని ఇప్పుడు కూడా ఖిల్లా ఘనపురం అనే అంటున్నాం. ఈ మూడూ ఎవరి చేతిలో ఉంటే కృష్ణ దాటి గోల్కొండకు పోయే బాట వాళ్ళది.

పానగల్ కోసం ఎంత రక్తం పారిందో చూడండి. 15వ శతాబ్దం మొదట్లో ఫిరోజ్ షా బహమనీ ఈ కొండను దాదాపు రెండేళ్ళు ముట్టడించాడు. ఖిలా లొంగలేదు. ఫౌజ్‌లో జబ్బులు ప్రబలాయి, మనుషులు, గుర్రాలు పోయాయి. చివరికి విజయనగర దేవరాయల సైన్యం వచ్చి అతణ్ణి ఓడించింది. ఆ దెబ్బ నుంచి ఫిరోజ్ షా కోలుకోలేదు, 1422లో తఖ్త్ తమ్ముని పరమైంది. అదే ఫిరోజ్ షా అంతకుముందు దేవరాయల బిడ్డను నికాహ్ చేసుకున్నాడని ఫరిష్తా రాశాడు. అల్లుడు, మామ ఇదే కొండ కోసం కొట్లాడారు. ఇక్కడే మా భాంజా మొదటిసారి ఆగి "అల్లుడా?" అన్నాడు.

అసలు కిస్సా 1543లో మొదలైతది. గోల్కొండ మొదటి సుల్తాన్, ముసలి సుల్తాన్ కులీ కుతుబ్‌షా నమాజ్‌లో ఉండగా కత్ల్ అయ్యాడు. చేయించింది కొడుకు జంషీద్ అని తవారీఖ్ చెప్తది. జంషీద్ తఖ్త్ ఎక్కి ఒక అన్న కండ్లు తీయించాడు. దేవరకొండలో ఉన్న చిన్న తమ్ముడు ఇబ్రహీం ఇది విని పారిపోయాడు. వెంట సయ్యద్ హై, హమీద్ ఖాన్ అనే హబ్షీ లాంటి నమ్మకస్తులు కొద్దిమందే. ముందు బీదర్ పోయాడు. అక్కడ జాన్‌కు, మాల్‌కు భరోసా కనపడలేదు. ముసల్మాన్ దర్బార్‌లో దొరకని పనాహ్ వెతుక్కుంటూ కృష్ణ దాటి విజయనగరం చేరాడు.

అక్కడ అసలు హుకూమత్ అళియ రామరాయలది. ఇబ్రహీంకు జాగీర్ ఇచ్చి ఏడేళ్ళు మెహమాన్‌గా పెట్టుకున్నాడు. గోల్కొండ సుల్తాన్ కాబోయే మనిషి జవానీ అంతా హంపీ బజార్లలో గడిచింది. తర్వాత తెలుగు కవులు అతణ్ణి మల్కిభరాముడని పిలిచారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. అతని అమీర్ అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగన యయాతి చరిత్రను, అచ్చ తెలుగు కావ్యాన్ని, అంకితమిచ్చాడు. మన జబాన్ మీద ఆ సుల్తాన్‌కున్న మొహబ్బత్‌లో ఈ ఏడేళ్ళ వాటా ఎంతో కొంత ఉంటుందని నా ఖయాల్.

రామరాయలు సుల్తాన్లకు కొత్తవాడు కాదు. జవానీలో అతను గోల్కొండ కొలువులోనే నౌకరీ చేశాడని గోల్కొండ తవారీఖ్ చెప్తది. సుల్తాన్ కులీ అతనికి సర్‌హద్‌లో ఒక ఇలాకా అప్పగించాడు. కొన్నేళ్ళకు బిజాపూర్ ఫౌజ్ వచ్చి పడితే నిలుపుకోలేక దర్బార్‌కు తిరిగొచ్చాడు. సుల్తాన్ కోపగించి పంపేశాడు. అప్పుడు విజయనగరం పోయి కృష్ణదేవరాయలకు అల్లుడయ్యాడు. అళియ అంటే కన్నడంలో అల్లుడే.

ఇక ఈ కిస్సాలో అసలు మనిషి జగదేవరావు. గోల్కొండలో పెద్ద సర్దార్. నాయక్‌వాడీలకు సర్దార్. నాయక్‌వాడీలంటే ఖిలాలకు కాపలా ఉండే తెలుగు సిపాయీలు. సుల్తాన్ ఎవరైనా కానీ ఖిలా దర్వాజా తీసేది, మూసేది వీళ్ళ చేతులే. అంటే గోల్కొండ సల్తనత్ తాళాలు తెలుగు సిపాయీల దగ్గర ఉండేవి.

1550లో జంషీద్ చనిపోయాడు. తఖ్త్ మీద అతని పసికొడుకు సుభాన్‌ను కూర్చోబెట్టారు. హుకూమత్ నడపడానికి అహ్మద్‌నగర్ నుంచి సైఫ్ ఖాన్ వచ్చాడు. అతని జోర్ జగదేవరావుకు నచ్చలేదు. భువనగిరి ఖిలాలో ఖైద్‌లో ఉన్న ఇంకో షహజాదా దౌలత్ కులీని ముందుకు తెచ్చి తఖ్త్ ఎక్కించాలని చూశాడు. బేరార్ నుంచి మదద్ కూడా పిలిపించాడు. సైఫ్ ఖాన్ గెలిచాడు. జగదేవరావును గోల్కొండలోనే ఖైద్ చేశారు.

అప్పుడు అమీర్ల కండ్లు విజయనగరంలో ఉన్న ఇబ్రహీం వైపు తిరిగాయి. ఖత్‌లు పోయాయి. ఇబ్రహీం బయల్దేరుతుంటే, తమ్ముడు వేంకటాద్రి కింద ఫౌజ్ ఇచ్చి పంపుతానని రామరాయలు అన్నాడు. ఇబ్రహీం సలహాదారులు వద్దన్నారు. పరాయి ఫౌజ్ వెంట వచ్చిన సుల్తాన్‌ను రిఆయా తనవాడు అనుకోదు కదా. కొద్దిమందితోనే సర్‌హద్ దాటాడు. ముస్తఫా ఖాన్ లాంటి ఇరానీ అమీర్లు వచ్చి కలిశారు. కోయిల్‌కొండలో నాయక్‌వాడీలు అతని పక్షం పట్టారు. వాళ్ళు వఫాదారీ కసమ్ వేస్తూ చెక్కించిన తెలుగు శాసనం ఆ ఖిలాలో ఉంది. ఒక ముసల్మాన్ షహజాదాకు తెలుగు సిపాయీలు తెలుగులో ఇచ్చిన జబాన్ అది.

గోల్కొండ లోపల కూడా నాయక్‌వాడీలే లేచారు. జగదేవరావును ఖైద్ నుంచి విడిపించి ఖిలా చేతిలోకి తీసుకున్నారు. సైఫ్ ఖాన్ బయటికి పోక తప్పలేదు. 1550 జులైలో ఇబ్రహీం గోల్కొండలో అడుగుపెట్టి తఖ్త్ ఎక్కాడు. పనాహ్ ఇచ్చింది విజయనగరం. ఖత్ రాసింది ఇరానీలు, దక్కనీలు. దర్వాజా తెరిచింది తెలుగు నాయక్‌వాడీలు.

"మరి ఇందులో మనం ఎవరు?" అని మళ్ళీ అడిగాను. మా భాంజా ఈసారి కోపం చేయలేదు, జవాబూ చెప్పలేదు. సగం కొండ ఎక్కాం. ఒక పగిలిన బురుజు నీడలో కూర్చొని నీళ్ళు తాగాం.

ఇబ్రహీం జగదేవరావుకు పెద్ద మర్తబా ఇచ్చాడు. కానీ తఖ్త్ ఎక్కించిన మనిషికి, తఖ్త్ ఎక్కిన మనిషికి చాలాకాలం పొసగదు. ఎక్కించినవాడు "ఇంకొకణ్ణి కూడా ఎక్కించగలను" అనుకుంటాడు. ఎక్కినవాడికి అదే భయం. జగదేవరావు మళ్ళీ దౌలత్ కులీ పేరుతో సాజిష్ చేస్తున్నాడని ఖబర్ వచ్చింది. అతని సాథీ రాయరావును కత్ల్ చేయించారు. జగదేవరావు గోల్కొండ వదిలి బేరార్ పోయాడు. అక్కడి సుల్తాన్ ఇమాద్‌షా కొలువులో చేరాడు. అక్కడా నిలవలేదు. మళ్ళీ గోల్కొండ ఇలాకా మీదుగానే దక్షిణానికి బయల్దేరాడు. ముస్తఫా ఖాన్ ఫౌజ్‌తో అడ్డుపడి ఖమ్మంమెట్టు దగ్గర ఓడించాడు. జగదేవరావు తప్పించుకొని విజయనగరం చేరాడు. రామరాయలు పిలిచి మర్యాద చేసి జాగీర్ ఇచ్చాడు. 1543లో ఇబ్రహీంకు తెరిచిన దర్వాజానే ఇప్పుడు ఇబ్రహీం దుష్మన్‌కూ తెరిచాడు.

రామరాయల కొలువులో ముసల్మాన్ సర్దార్లకు తక్కువ లేదు. 1551 నాటి బేవినహళ్ళి తామ్ర శాసనం చూడండి. విజయనగర రాజు సదాశివరాయల పేర బ్రాహ్మణులకు ఊరు దానమిచ్చిన శాసనం అది. ఆ దానం ఇప్పించమని విన్నవించుకున్నది ఐనుల్ముల్క్ గీలానీ అనే ముసల్మాన్ సర్దార్. తన కింద పనిచేసే ఇలాకాలో బ్రాహ్మణులకు భూమి ఇప్పించడం అతనికి వింతగా అనిపించలేదు.

1563లో లెక్క తిరగబడింది. అప్పటిదాకా రామరాయలతో కలిసి నడిచిన ఇబ్రహీం, అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా బిడ్డను నికాహ్ చేసుకొని అతని వైపు చేరాడు. ఇద్దరూ కల్యాణి ఖిలా మీదికి పోయారు. రామరాయలు, బిజాపూర్ అలీ ఆదిల్‌షా కలిసి ఎదురొచ్చారు. ఇబ్రహీం వెనక్కి తగ్గి గోల్కొండ చేరాడు. వెనకాలే విజయనగర ఫౌజ్‌లు తెలంగాణ మీద పడ్డాయి. వాటిలో ముందు నడిచినవాళ్ళలో జగదేవరావు ఒకడు. బాటలు, ఖిలాలు, లోపలి మనుషులు, అన్నీ ఎరిగినవాడు.

పానగల్ ఖిలేదార్ అప్పుడు కాశీరావు అనే మనిషి. అతను పానగల్, కోయిల్‌కొండ, ఘనపురం తాళాలు తెచ్చి అప్పగించాడు. ఫిరోజ్ షా రెండేళ్ళు ముట్టడించినా తెరుచుకోని దర్వాజా ఇది. సుల్తాన్ కులీ లడాయి చేసి సంపాదించిన ఖిలా. ఇప్పుడు ఒక్క తోప్ పేలకుండా పోయింది. అంతటితో ఆగలేదు. సుల్తాన్ షికార్‌కు పోయినప్పుడు గోల్కొండ దర్వాజా మూసేయమని జగదేవరావు లోపలి నాయక్‌వాడీలకు కబురు పంపాడు. సాజిష్ బయటపడింది. ఇబ్రహీం అందులో ఉన్నవాళ్ళను కఠినంగా చంపించాడు. 1550లో తన కోసం దర్వాజా తెరిచిన బిరాదరీనే అది. చివరికి పానగల్ వదులుకొని సులహ్ చేసుకోవాల్సి వచ్చింది.

పనాహ్ ఇచ్చిన మనిషి తన సర్‌హద్ ఖిలాలు గుంజుకోవడం ఇబ్రహీం మరవలేదు. మిగతా సుల్తాన్ల లెక్కలు వాళ్ళకున్నాయి. ముస్తఫా ఖాన్ లాంటివాళ్ళు దర్బార్ల మధ్య తిరిగి పొత్తు కుదిర్చారు. అహ్మద్‌నగర్ షహజాదీ చాంద్‌బీబీ నికాహ్ అలీ ఆదిల్‌షాతో జరిగింది. నిన్నటిదాకా రామరాయల సాథీ అయిన అలీ ఇప్పుడు ఎదురుపక్కన నిలిచాడు. 1565 జనవరి 23న కృష్ణ దగ్గర జంగ్ జరిగింది, దాన్నే తళ్ళికోట అంటున్నాం. రామరాయలు చంపబడ్డాడు. గెలిచిన ఫౌజ్‌లు విజయనగరంలో నెలల తరబడి లూటీ చేశాయి. మందిరాలు, మహళ్ళు తగలబడ్డాయి. ఇది సచ్చా సంగతి. దీన్ని దాచి పిల్లలకు చెప్పొద్దు. ఆ జుల్మ్‌ను జుల్మ్ అనే అనాలి, చేసినవాని పేరు మన పేరులా ఉన్నంత మాత్రాన అది ఇన్సాఫ్ కాదు.

అయితే దాన్ని దీన్ కోసం జరిగిన లడాయి అని రాసింది తర్వాతివాళ్ళు. ఫరిష్తా తన కితాబ్ రాసింది దాదాపు 40 ఏళ్ళ తర్వాత, బిజాపూర్ దర్బార్‌లో కూర్చొని. గెలిచినవాళ్ళకు పెద్ద మాట కావాలి. ఖిలాల కోసం, ఇజ్జత్ కోసం, పాత కోపాల కోసం కొట్లాడినమంటే వినసొంపుగా ఉండదు. తళ్ళికోట పొత్తు కుదిర్చిన ముస్తఫా ఖానే ఆ తర్వాత గోల్కొండ వదిలి బిజాపూర్ కొలువుకు పోయాడు. జగదేవరావు పోతే గద్దారీ, ముస్తఫా ఖాన్ పోతే సఫర్ అనడం ఎట్లా కుదురుతుంది?

ఇది దక్కన్‌లోనే అనుకోవద్దు. సరిగ్గా తళ్ళికోట మరుసటి ఏడాది, 1566లో, యూరప్‌లో ఇంకో సర్‌హద్ ఖిలా పేరు మోగింది. హంగేరీలోని సిగెత్వార్. దాని ఖిలేదార్ నికోలా జ్రిన్‌స్కీ అనే క్రొయేషియా అమీర్. అంతకుముందు 1542 నుంచి 1556 దాకా క్రొయేషియాకు బాన్, అంటే సుబేదార్ లాంటి హోదాలో ఉన్నాడు. ఉస్మానీ సుల్తాన్ సులేమాన్ ముసలితనంలో స్వయంగా ఫౌజ్ నడిపించి ఆ ఖిలాను ముట్టడించాడు. ఖిలా పడకముందే సెప్టెంబర్‌లో డేరాలోనే ఇంతెఖాల్ అయ్యాడు. వజీర్ సోకొల్లూ మెహ్మెద్ పాషా ఆ ఖబర్ దాచి లడాయి నడిపించాడు. జ్రిన్‌స్కీ దర్వాజా తీసుకొని మిగిలిన కొద్దిమందితో బయటికి దూకి చనిపోయాడు.

వినడానికి ఇది కూడా సీదాగా సలీబ్, హిలాల్ కిస్సా. కానీ ఆ మెహ్మెద్ పాషా పుట్టింది బోస్నియాలో, ఒక ఈసాయీ ఇంట్లో. అంతకుముందు హంగేరీ తఖ్త్ కోసం ఇద్దరు ఈసాయీలు కొట్లాడితే, వాళ్ళలో యానోష్ జాపొల్యాయ్ అనే రాజు నిలబడింది సులేమాన్ అండతోనే. సర్‌హద్ అంటేనే అట్లుంటది. దూరం నుంచి చూస్తే ఒక గీత. దగ్గరికి పోతే అటు చుట్టాలు, ఇటు చుట్టాలు.

మా భాంజా ఇక్కడ మంచి మాట అన్నాడు. "మామూ, జ్రిన్‌స్కీ దర్వాజా తెరిచి చచ్చిపోయిండు. కాశీరావు దర్వాజా తెరిచి బతికిండు. అంతే కదా ఫరక్?"

నేను కాసేపు ఆలోచించాను. వాడు చెప్పింది నిజమే. ఒకని పేరు ఆ దేశంలో బహాదూర్ అయింది. ఇంకొకని పేరు మన ఇలాకాలోనే ఎవరికీ తెలియదు. అయితే కాశీరావు తాళాలు ఇచ్చిన రోజు పానగల్ కింద ఊర్లలో ఎంతమంది ప్రాణాలు మిగిలాయో ఏ తవారీఖ్ రాయలేదు. నమ్మిన సుల్తాన్‌కు దగా చేశాడన్నది కూడా నిజమే. రెండూ మనసులో పెట్టుకోవాలె. ఒక మనిషిని తూచడానికి అతని మజ్‌హబ్ సరిపోదు. అతను ఎవరి ఉప్పు తిన్నాడు, ఎవరికి జబాన్ ఇచ్చాడు, ఆ జబాన్ ఎంతకాలం నిలబెట్టాడు, ఎవరి మీద జుల్మ్ చేశాడు, ఇవి చూడాలె. ఈ తరాజూలో వేస్తే ఇబ్రహీం పల్లెం కూడా తేలిపోయే రోజులున్నాయి. పనాహ్ ఇచ్చినవాని మీదికి పోయినవాడే కదా. రామరాయలు కూడా మెహమాన్‌గా ఉంచుకున్నవాని ఇంటి తాళాలు తీసుకున్నవాడే.

సాయంత్రం అయింది. కింద చెరువు మెరుస్తోంది. ఊర్లో మగ్రిబ్ అజాన్, కొద్దిసేపటికే గుడి గంట వినపడ్డాయి. దిగుతుంటే మేకలు తోలుకొచ్చే ఒక పెద్దాయన "ఏడికెళ్ళి వచ్చిన్రు బిడ్డా?" అని అడిగి, బాట ఇటు కాదు అటని చూపించి, మా భాంజాకు జామకాయ ఇచ్చాడు. ఆయన పేరు మేం అడగలేదు, ఆయన మా పేర్లు అడగలేదు.

బండి ఎక్కాక వాడు అన్నాడు, "నాకు జవాబ్ దొరికింది మామూ. మనం అంటే ఈ కొండ కింద ఉండేటోళ్ళం. ఎవరు గెలిచినా చేన్లు తొక్కబడ్డది మనయే."

ఆ రాత్రి వాడు గ్రూపులో ఏదో రాశాడు. ఏం రాశాడో నేను అడగలేదు. ఆపా మాత్రం ఫోన్ చేసి చెప్పింది, బడి తెరిచినంక పానగల్ పోదామని వాని దోస్తులు నలుగురు ఖరార్ చేసుకున్నారట. అందులో ఆ వీడియో పంపిన పిల్లగాడు కూడా ఉన్నాడట.

అల్లాహ్ మన పిల్లలకు సచ్ మాట వినే ఓపిక, చెప్పే హిమ్మత్ ఇవ్వాలని దువా చేయండి.

ఖుదా హాఫిజ్.